ఎవరిని అడగాలో తెలిసిన ఊళ్లోనే స్టార్టప్ నిలబడుతుంది

1993లో వరప్రసాద్ రెడ్డి హెపటైటిస్-బి టీకా తయారుచేద్దామని శాంతా బయోటెక్నిక్స్ మొదలుపెట్టినప్పుడు ఆయన దగ్గర టీకాకు కావలసినవేవీ లేవు. ఆయన చదివింది ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్. జన్యు సాంకేతికతతో ఆ టీకా చేసిన కంపెనీ అప్పటికి దేశంలో ఒక్కటీ లేదు. విదేశాల నుంచి టెక్నాలజీ తెచ్చుకునే ప్రయత్నం ఫలించలేదు. ఆ తర్వాత ఒమన్ విదేశాంగ మంత్రి వాటా తీసుకుని పెట్టుబడి పెట్టారు. అయితే డబ్బుతో పాటు అంతే అవసరంగా కావలసింది పనిచేసుకోవడానికి ఒక ల్యాబ్. అది మొదట ఉస్మానియా యూనివర్సిటీలో దొరికింది. తర్వాత అక్కడికి దగ్గర్లోనే హబ్సిగూడలో ఉన్న జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో దొరికింది. 1997లో షాన్‌వాక్-బి మార్కెట్‌లోకి వచ్చింది. జన్యు సాంకేతికతతో మన దేశంలో తయారైన తొలి హెపటైటిస్-బి టీకా అదే.

స్టార్టప్, ఇంక్యుబేటర్ అనే మాటలు అప్పటికింకా జనం నోళ్లలో పడలేదు. అయినా కొత్త కంపెనీలను మొదట్లో చేరదీసే ఇవాళ్టి ఇంక్యుబేటర్లు చేస్తామని చెప్పే పనిలో అసలైన భాగం అక్కడ జరిగింది. ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం, ఒక జాతీయ పరిశోధన సంస్థ కలిసి పేరూ ఆదాయమూ లేని ఒక కొత్త కంపెనీకి చోటిచ్చాయి. చోటుతో పాటు మనుషులూ దొరికారు. ఈస్ట్ కణాలతో ప్రోటీన్ చేయించే పని ఒక మెట్టు దగ్గర ఆగిపోతే ఎక్కడికో ఉత్తరం రాసి నెల రోజులు ఎదురుచూడక్కర్లేదు. నడవా దాటి పక్క గదిలోకి వెళ్లి అడగొచ్చు. స్థానిక తోడ్పాటు గురించి మాట్లాడాలంటే ముందు ఈ నడవా గురించి మాట్లాడాలి.

స్టార్టప్‌ల మీద వచ్చే వార్తల్లో ఎక్కువ భాగం డబ్బు గురించే ఉంటుంది. ఎన్ని కోట్లు వచ్చాయి, ఎవరు పెట్టారు, కంపెనీ విలువ ఎంత అన్నదే హెడ్డింగ్. అది చదివి కొత్తగా దిగేవాళ్లు కూడా తమకు లేనిది డబ్బు ఒక్కటేనని అనుకుంటారు. నిజానికి మొదటి రెండు మూడేళ్లలో కంపెనీలను ముంచేది చాలాసార్లు ఎవరిని అడగాలో తెలియకపోవడమే. స్థానిక నెట్‌వర్క్ ఉన్న చోట ఆ అడగడం తేలికవుతుంది, చవకవుతుంది. దాని మిగతా బలాలన్నీ ఇందులోంచే పుడతాయి.

అడగడానికయ్యే ఖర్చు

ఒక చిన్న వైద్య పరికరం చేస్తున్న ఇద్దరు కుర్రాళ్లు ఉన్నారనుకుందాం. డిజైన్ కంప్యూటర్‌లో సిద్ధంగా ఉంది. దానికి అల్యూమినియం డబ్బాలు ఇరవై కావాలి. ఇంటర్నెట్‌లో వెతికి ఫోన్లు చేస్తే పెద్ద కంపెనీలు ఐదొందలకు తక్కువైతే ఆర్డరే తీసుకోమంటాయి. చిన్నవాళ్లు రేటు చెప్పడానికే వారం తీసుకుంటారు. అదే పని చేసి ఉన్న మరో ఫౌండర్ పక్క టేబుల్ దగ్గర కూర్చుని ఉంటే, "బాలానగర్‌లో ఫలానా షెడ్డుకెళ్లు, నా పేరు చెప్పు" అంటాడు. షెడ్డు ఓనర్ డ్రాయింగ్ చూసి మొదట రేటు చెప్పడు. "ఈ లోపలి మూల ఇంత షార్ప్‌గా ఎందుకు సార్? మామూలు కట్టర్‌తో రాదు, వేరే మెషీన్ మీద పెట్టాలి. రెండు ఎంఎం రేడియస్ ఇవ్వండి, రేపు సాయంత్రానికి చేసిస్తా" అంటాడు. డిజైన్ మారుతుంది, ఖర్చు తగ్గుతుంది, మూడు వారాలు మిగులుతాయి. ఆ సలహాకు బిల్లు ఉండదు. ఏ కోర్సులోనూ ఇది చెప్పరు.

ఇక్కడ గమనించాల్సింది "నా పేరు చెప్పు" అన్న మాట. ఆ మాట అన్నవాడు తన పరువును కొంత పణంగా పెట్టాడు. పంపినవాళ్లు డబ్బు ఎగ్గొడితే షెడ్డు ఓనర్ దగ్గర అతని మాట చెల్లదు. షెడ్డు ఓనర్ పని పాడుచేస్తే పదిమంది ఫౌండర్లకు ఆ సంగతి తెలిసిపోతుంది. మళ్లీ మళ్లీ ఎదురుపడే మనుషుల మధ్య నమ్మకం ఇలా తనంతట తానే పెరుగుతుంది. ఆన్‌లైన్‌లో వేలమంది ఉన్న గ్రూపులో ఒక ప్రశ్న పెడితే నలభై జవాబులు రావచ్చు. వాటిలో ఏ జవాబుకూ బాధ్యుడు ఉండడు. స్థానికంగా ఉండటం ఇంకా ఎందుకు పనికొస్తోందన్న ప్రశ్నకు ఇదే సమాధానం. దూరం తగ్గించడం టెక్నాలజీకి చేతనైంది. జవాబుదారీని మాత్రం ఇప్పటికీ ముఖపరిచయమే మోస్తోంది.

చార్టర్డ్ అకౌంటెంట్‌ను వెతుక్కోవడం లాంటి మామూలు పనుల్లోనూ ఇదే కనిపిస్తుంది. కిరాణా హోల్‌సేల్ లెక్కలు అద్భుతంగా చూసే ఆడిటర్‌కు షేర్ల కేటాయింపు కాగితాలు వేయడం రాకపోవచ్చు. ఆ తప్పు బయటపడేది రెండేళ్ల తర్వాత, పెట్టుబడి పెట్టేవాళ్ల లాయర్లు ఫైళ్లు తిరగేసినప్పుడు. అప్పుడు సరిదిద్దడానికి అయ్యే డబ్బు, టెన్షన్ ఇంతా అంతా కాదు. ఈ పని ఎవరికి వచ్చో ముందే దెబ్బ తిన్నవాళ్లకు తెలుస్తుంది. అలాంటివాళ్లు ఊళ్లో ఎంతమంది ఉంటే కొత్తవాళ్లకు అంత మేలు.

హైదరాబాద్‌కు ఇది ఎలా అబ్బింది

నెట్‌వర్క్‌ను ఎవరో ఒక పథకం ప్రకారం కట్టారనుకుంటే పొరపాటు. హైదరాబాద్ మందుల పరిశ్రమ కథ చూస్తే ఇది అర్థమవుతుంది. కేంద్ర ప్రభుత్వం 1961లో మందుల తయారీ సంస్థ ఐడీపీఎల్‌ను నెలకొల్పి దాని ప్లాంట్లలో ఒకటి బాలానగర్‌లో పెట్టింది. 1970 నాటి పేటెంట్ల చట్టం మందు అణువు మీద కాకుండా తయారీ పద్ధతి మీద మాత్రమే హక్కు ఇచ్చింది. కొత్త పద్ధతి కనిపెట్టగల కెమిస్ట్ దగ్గర ఒక వ్యాపారం ఉన్నట్టే అయింది. ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి బయటికొచ్చి 1976లో యూనిలాయిడ్స్‌లో, 1980లో స్టాండర్డ్ ఆర్గానిక్స్‌లో భాగస్వామి అయ్యారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఆయనతో కెమినార్ అనే మందుల కంపెనీలో కలిసి పనిచేసిన మురళి దివి 1990లో దివీస్ పెట్టారు. డాక్టర్ రెడ్డీస్‌లో పనిచేసిన పార్థసారథి రెడ్డి 1993లో హెటెరో మొదలుపెట్టారు. వంశవృక్షంలా ఒక కంపెనీలోంచి మరొకటి పుట్టుకొచ్చింది.

ఇలా బయటికొచ్చిన ప్రతివాడూ ఒంటరిగా రాలేదు. ఏ రియాక్టర్ ఎవరు చేస్తారో, ఏ సాల్వెంట్ ఎవరి దగ్గర అప్పు మీద దొరుకుతుందో, ఏ ఆపరేటర్ నమ్మకస్తుడో తెలిసిన బుర్రతో వచ్చాడు. కొత్త కంపెనీ మొదటి రోజు నుంచే అనుభవం ఉన్న కంపెనీలా పనిచేయగలిగింది. ఐడీపీఎల్ తర్వాత ఖాయిలా పడింది, మూతపడింది. దానిలో తయారైన మనుషులు మాత్రం ఊళ్లోనే ఉన్నారు. ఒక ప్రభుత్వ రంగ సంస్థ ఊరికి ఇచ్చిన లాభాన్ని దాని బ్యాలెన్స్ షీటులో చూసి లెక్కగడితే ఈ సంగతి పూర్తిగా తప్పిపోతుంది.

అంతరిక్ష రంగంలోనూ ఇదే మళ్లీ జరిగింది. రాకెట్లు చేసే స్కైరూట్ కంపెనీ వ్యవస్థాపకులు పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా ఇస్రోలో పనిచేశారు, అదీ తిరువనంతపురంలో. 2018లో కంపెనీ పెట్టింది మాత్రం హైదరాబాద్‌లో. రక్షణ పరిశోధన ప్రయోగశాలలు ఇక్కడ దశాబ్దాలుగా ఉన్నాయి. ప్రత్యేక లోహాలకు మిధాని ఉంది. 1970 నుంచి ఎంటార్ లాంటి కంపెనీలు అణు, అంతరిక్ష కార్యక్రమాలకు విడిభాగాలు చేస్తున్నాయి. వీటికి పని చేసిపెట్టే చిన్న వర్క్‌షాపులు బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లిలో ఉన్నాయి. ఆ ల్యాబుల్లో జీవితమంతా గడిపి రిటైరైన ఇంజనీర్లు చాలామంది ఇక్కడే ఇళ్లు కట్టుకుని ఉంటున్నారు. 2021లో స్కైరూట్‌కు వచ్చిన కోటీ పది లక్షల డాలర్ల పెట్టుబడిలో ముందు నిలిచింది హైదరాబాద్‌కే చెందిన గ్రీన్‌కో వ్యవస్థాపకులు. విద్యుత్ వ్యాపారంలో సంపాదించినవాళ్లు రాకెట్ మీద డబ్బు పెట్టారన్నమాట. అదే ఏడాది ఇస్రో తన సదుపాయాలు వాడుకోవడానికి ఒప్పందం చేసుకుంది. 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి స్కైరూట్ రాకెట్ విక్రమ్-ఎస్ 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లింది. ఎనిమిది రోజుల తర్వాత ఇదే ఊరికి చెందిన ధ్రువ స్పేస్ రెండు చిన్న ఉపగ్రహాలు పీఎస్‌ఎల్‌వీ మీద కక్ష్యకు చేరాయి.

ఈ రెండు కంపెనీలకూ తెలంగాణ ప్రభుత్వం పెట్టిన ఇంక్యుబేటర్ టీ-హబ్‌తో సంబంధం ఉంది. అయితే టీ-హబ్ లేకపోయినా మిధాని ఉండేది, మిధాని లేకుండా టీ-హబ్ ఒక్కటే ఉంటే రాకెట్ కంపెనీ ఇక్కడికి వచ్చేదా అన్నది అనుమానమే. టీ-హబ్ పాత్రను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఉన్న బలాన్ని కొత్తవాళ్లకు అందుబాటులోకి తేవడమే దాని అసలు పని, ఆ పనికి చాలా విలువ ఉంది. 2015 నవంబర్‌లో రతన్ టాటా చేతుల మీదుగా టీ-హబ్ మొదలైంది గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ఆవరణలో. అక్కడ ప్రొఫెసర్లు, విద్యార్థులు, ట్రిపుల్ ఐటీ సొంత ఇంక్యుబేటర్ అప్పటికే ఉన్నాయి. ఐఎస్‌బీ, నల్సార్ కూడా భాగస్వాములు. అంటే టెక్నాలజీ, వ్యాపారం, చట్టం మూడూ తెలిసినవాళ్లు ఒక గొడుగు కిందికి వచ్చారు. 2022 జూన్‌లో రాయదుర్గంలో దాదాపు 5.8 లక్షల చదరపు అడుగుల కొత్త భవనం వచ్చింది. అందరూ ఆ వైశాల్యం గురించే చెబుతారు. చదరపు అడుగుల్లో కొలవలేనిది ఆ తొలి ఏర్పాటు తెచ్చిన ఇరుగుపొరుగుతనం.

చెప్పేవాళ్లు ఎక్కువ, వినేవాళ్లు తక్కువ

మెంటార్, అంటే దారి చూపే అనుభవజ్ఞుడు అనే మాట ఈ మధ్య బాగా పలచబడింది. పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన ప్రతి ఒక్కరూ మెంటారే. వారానికి ఇద్దరు చెప్పే సలహాలు ఒకదానికొకటి పొసగక ఫౌండర్ తల పట్టుకుంటాడు. మంచి మెంటార్ ఏం చేస్తాడో చూడటానికి ఆన్‌లైన్‌లో బస్ టికెట్లు అమ్మే రెడ్‌బస్ ఉదాహరణ ఇప్పటికీ పనికొస్తుంది. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి బస్ టికెట్ దొరక్క ఫణీంద్ర సామకు ఆ ఆలోచన వచ్చింది. ఆయనా, బిట్స్ పిలానీ స్నేహితులూ కలిసి మొదట బస్సు ఆపరేటర్ల కోసం సాఫ్ట్‌వేర్ రాశారు. ఆపరేటర్లకు దాని మీద ఆసక్తి లేదు. అప్పుడు పారిశ్రామికవేత్తల సంఘమైన బెంగళూరు టై సంస్థ కొత్త కంపెనీలకు మెంటార్లను జతచేసే కార్యక్రమంలో వీళ్లకు చోటు దొరికింది. ఆ పెద్దల సాన్నిహిత్యంలో సాఫ్ట్‌వేర్ అమ్మే ఆలోచన పక్కకు పోయి సీట్లు అమ్మే వ్యాపారం రూపుదిద్దుకుంది. 2013లో ఆ కంపెనీని ఇబిబో గ్రూపు కొన్నది. తర్వాత ఫణీంద్ర సామ తెలంగాణ ప్రభుత్వానికి చీఫ్ ఇన్నోవేషన్ ఆఫీసర్‌గా పనిచేశారు.

ఇందులో రెండు సంగతులు ఉన్నాయి. మొదటిది, ఆ మెంటార్లు అదే ఊళ్లో ఉన్నారు. నెలలు తరబడి అదే ముగ్గురు కుర్రాళ్లను చూశారు. గంటసేపు వేదిక మీద మాట్లాడి వెళ్లిపోయిన అతిథి సలహాకూ, నిరుడు నువ్వు చెప్పింది గుర్తుపెట్టుకుని "దాన్ని ఎందుకు వదిలేశావ్?" అని అడిగే మనిషికీ పోలికే లేదు. రెండోది, సాయం అందుకున్నవాడు తిరిగి వచ్చి సాయం చేసే స్థానంలో కూర్చున్నాడు. ఏ ఊరి నెట్‌వర్క్ అయినా ముదిరిందా లేదా చెప్పడానికి ఇంతకంటే నమ్మకమైన గుర్తు లేదు. కంపెనీ అమ్ముడుపోయాక ఫౌండర్ మళ్లీ వచ్చి కుర్రాళ్ల మధ్య కూర్చుంటున్నాడా? మూసేసినవాడు కూడా వస్తున్నాడా? ఈ రెండో ప్రశ్న మరీ ముఖ్యం. మన దగ్గర గెలిచినవాళ్లకు సన్మానాలున్నాయి. మూసేసినవాడిని పిలిచి ఎక్కడ దెబ్బతిన్నావో చెప్పమనే అలవాటు ఇంకా పాతుకోలేదు. అతనికి తెలిసినన్ని జాగ్రత్తలు గెలిచినవాడికి తెలియవు.

తోటి ఫౌండర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఉద్యోగం మానేసి కంపెనీ పెట్టిన మనిషికి ఇంట్లో ఎవరితోనూ మనసు విప్పి చెప్పుకోలేని రోజులుంటాయి. వచ్చే నెల జీతాలకు డబ్బు లేదని అమ్మానాన్నలకు చెబితే వాళ్లకు నిద్రపట్టదు. పెళ్లి సంబంధాల్లో "సొంత కంపెనీ" అనగానే అవతలివాళ్లు "ఇంతకుముందు ఎక్కడ చేసేవాడు?" అని అడుగుతారు. కోఫౌండర్‌తో పడటం లేదని ఉద్యోగుల ముందు అనకూడదు. ఇవన్నీ తెలిసిన మనిషి మరో ఫౌండరే. సాయంత్రం టీ తాగుతూ "నాకూ మూడు నెలలు జీతాలు ఆగాయి, ఇలా చేశాను" అని ఒకడు చెబితే వచ్చే ధైర్యం వేరు. దీన్ని మెత్తటి విషయంగా తీసిపారేయడం సరికాదు. కంపెనీ ఇంకో ఆరు నెలలు బతకడానికీ మూతపడటానికీ తేడా కొన్నిసార్లు ఇంతే ఉంటుంది.

మొదటి చెక్కు కంటే మొదటి ఆర్డర్

డబ్బు గురించి చెప్పకుండా ఉండలేం. తొలి దశలో వచ్చే ప్రభుత్వ డబ్బులో చాలా భాగం ఢిల్లీ నుంచి బయలుదేరినా స్థానిక ఇంక్యుబేటర్ గుమ్మం దాటే ఫౌండర్ చేతికి వస్తుంది. 2021లో 945 కోట్లతో మొదలైన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ పథకంలో నమూనా తయారీకి 20 లక్షల దాకా గ్రాంటు, మార్కెట్‌లోకి వెళ్లడానికి 50 లక్షల దాకా అప్పు లేదా వాటాగా మారే రుణం ఇచ్చింది ఇంక్యుబేటర్లే. కేంద్రం నడిపే నిధి-ప్రయాస్ పథకం కింద నమూనాకు 10 లక్షల దాకా, బయోటెక్ వాళ్లకు కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ బిగ్ గ్రాంటు కింద 50 లక్షల దాకా ఇచ్చేదీ ఆ పథకాల గుర్తింపు ఉన్న కేంద్రాల ద్వారానే. కాబట్టి ఊళ్లో మంచి ఇంక్యుబేటర్ ఉందా, అక్కడ కూర్చున్నవాళ్లకు ఈ రంగం తెలుసా అన్నది డబ్బు విషయంలోనూ తేల్చేస్తుంది.

అయినా స్థానిక నెట్‌వర్క్ ఇవ్వగల అన్నిటికంటే విలువైనది మొదటి కస్టమర్. గ్రాంటుతో నమూనా తయారవుతుంది. ఆ నమూనాను ఒక ఆసుపత్రి తన వార్డులో రెండు నెలలు వాడి చూస్తేనే అది పరికరం అవుతుంది. పేరులేని కంపెనీ పరికరాన్ని వాడటానికి ఏ ఆసుపత్రి మేనేజర్ కూడా ఊరికే ఒప్పుకోడు, తప్పు జరిగితే మాట పడేది తనే. తెలిసిన సీనియర్ డాక్టర్ ఒకరు "నేను చూశాను, పెట్టండి" అంటే తలుపు తెరుచుకుంటుంది. ఆ తర్వాత రెండో ఆసుపత్రికి వెళ్లినప్పుడు అడిగే మొదటి ప్రశ్న "ఇంకెవరు వాడుతున్నారు?" అన్నదే. అప్పటికి జవాబు చేతిలో ఉంటుంది.

ఆర్డర్ వచ్చాక డబ్బు రావడం మరో యుద్ధం. చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్‌ఎంఈ) చట్టం చెబుతోంది. ఆలస్యమైతే ఫిర్యాదు చేసుకోవడానికి కౌన్సిళ్లూ ఉన్నాయి. కానీ ఉన్న ఒక్క పెద్ద కస్టమర్ మీద ఫిర్యాదు చేసే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? ఇక్కడ కూడా ఊరి పరిచయాలే అక్కరకొస్తాయి. ఏ కంపెనీలో బిల్లు ఎవరి టేబుల్ మీద ఆగుతుందో, ఏ నెలలో బడ్జెట్ అయిపోతుందో, ఎవరికి అడ్వాన్స్ లేకుండా పని మొదలుపెట్టకూడదో ముందే చెప్పేవాళ్లుంటే సగం నష్టం తప్పుతుంది.

లోపలివాళ్లకు వంతెన, బయటివాళ్లకు గోడ

ఇంతవరకు చెప్పిన బలాలన్నీ పరిచయాల మీద ఆధారపడ్డవే. పరిచయాలు అందరికీ సమానంగా ఉండవు. ఈ సంగతి దాచి మాట్లాడితే మిగతా విశ్లేషణ అంతా అబద్ధమవుతుంది. కోస్తా డెల్టాల్లో వ్యవసాయం మీద మిగిలిన డబ్బు సినిమాల్లోకి, కాంట్రాక్టుల్లోకి, మందుల కంపెనీల్లోకి వచ్చింది. అది బంధుత్వం, కులం, ఊరు అనే దారుల్లోనే నడిచింది. ఆ దారుల్లో ఉన్నవాళ్లకు అప్పు కాగితం లేకుండా పుట్టింది, హామీ అడక్కుండా సరుకు దొరికింది. ఆ దారుల్లో లేనివాళ్లకు అంతే తెలివి, అంతే కష్టం ఉన్నా అదే బ్యాంకు మెట్ల దగ్గర ఆగిపోవలసి వచ్చింది. ఇప్పటి స్టార్టప్ లోకంలో కులానికి తోడు కాలేజీ పేరు వచ్చి చేరింది. ఐఐటీ, బిట్స్, ఐఎస్‌బీ పూర్వ విద్యార్థుల గ్రూపులో ఒక మెసేజ్ పెడితే కుదిరే మీటింగ్, జిల్లా ఇంజనీరింగ్ కాలేజీలో చదివినవాడికి ఏడాది తిరిగినా కుదరదు.

భాష ఇంకో గోడ. పెట్టుబడి కోసం చెప్పుకునే పిచ్ అంటే ఇంగ్లీషులో పది స్లైడ్లు అనే అలవాటు పాతుకుపోయింది. తెలుగులో తన యంత్రం గురించి అరగంట తడుముకోకుండా చెప్పగల మనిషి ఆ స్లైడ్ల ముందు మూగబోతాడు. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తన తల్లి ఆసు పోసే (నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పే) కష్టం చూడలేక 1992లో యంత్రం పని మొదలుపెట్టారు. డబ్బు లేక మధ్యలో ఆగారు, హైదరాబాద్ వచ్చి పనిచేశారు. బాలానగర్‌లో ఒక యంత్రం కదలిక చూశాక చివరి చిక్కు విడిపోయి 1999లో లక్ష్మీ ఆసు యంత్రం పూర్తయింది. ఆ ఏడేళ్లలో ఆయనకు మెంటార్ లేడు, గ్రాంటు లేదు. రిటైర్డ్ బ్రిగేడియర్ గణేశం నడిపే పల్లెసృజన సంస్థ ఆయన పనిని బయటి లోకానికి చేర్చింది తర్వాతే. 2017లో పద్మశ్రీ వచ్చింది. పల్లెసృజన వాళ్లు చేసేది ఊళ్ల వెంట నడుచుకుంటూ వెళ్లి ఇలాంటివాళ్లను వెతకడం. నెట్‌వర్క్ తలుపు తీసి కూర్చుంటే చాలదు, తలుపు ఎక్కడుందో తెలియనివాళ్ల దగ్గరికి తనే వెళ్లాలన్న అవగాహన ఆ నడకలో ఉంది. తెలంగాణ ఇన్నోవేషన్ సెల్ చేపట్టిన ఇంటింటా ఇన్నోవేటర్ కార్యక్రమానిది కూడా అదే దారి.

మహిళల కోసం 2018 మార్చి 8న మొదలైన వీ-హబ్, దళిత గిరిజన పారిశ్రామికవేత్తల కోసం తెచ్చిన టీ-ప్రైడ్ విధానం, దళిత వ్యాపారుల డిక్కీ లాంటి సంఘాలు ఈ గోడలు తెలిసి పుట్టినవే. వీటిని దానధర్మాల కింద జమకట్టేవాళ్లున్నారు. అది అన్యాయం. ఒకరికి పుట్టుకతో దొరికిన పరిచయాలను మరొకరికి ఏర్పాటు చేసి ఇవ్వడమే ఇవి చేసేది. రాత్రి ఎనిమిదింటికి జరిగే ఫౌండర్ల కలయికకు చంటిబిడ్డ తల్లి రాలేదు. ఆ సమయాన్ని మధ్యాహ్నానికి మార్చడం కూడా తోడ్పాటే, దానికి పైసా ఖర్చు లేదు.

జిల్లాల్లో ఏం చేయాలి

ఆంధ్రప్రదేశ్‌లో పరిస్థితి వేరు. ఇక్కడ ఒక్క మహానగరం చుట్టూ అన్నీ పోగుపడలేదు. విశాఖలో 2016 నుంచి రూపుదిద్దుకున్న వైద్య పరికరాల పార్కు మెడ్‌టెక్ జోన్ మంచి ఉదాహరణ. విద్యుదయస్కాంత పరీక్షలు, గామా కిరణాలతో సూక్ష్మజీవులను చంపే కేంద్రం, త్రీడీ ప్రింటింగ్ లాంటివి ఒకే ఆవరణలో పెట్టారు. చిన్న కంపెనీ ఏదీ వీటిని సొంతంగా కొనలేదు, వాడుకున్నంతకు చెల్లిస్తే సరిపోతుంది. 2025 ఆగస్టులో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ మొదలైంది. విశాఖ, రాజమహేంద్రవరం, విజయవాడ, తిరుపతి, అనంతపురంలో దాని శాఖలు ఏర్పాటు చేశారు.

ఈ శాఖలు హైదరాబాద్ నమూనాకు చిన్న జిరాక్సులు కాకూడదు. ఐదు ఊళ్లలోనూ అవే రంగు కుర్చీలు, అవే యాప్ ఐడియాల పోటీలు, అవే ఇంగ్లీషు స్లైడ్లు పెడితే జిల్లా కుర్రాడు ఎప్పటిలాగే బెంగళూరు బస్సెక్కుతాడు. ఏ ఊరికి ఏ పని తెలుసో అక్కడి నుంచి మొదలుపెట్టాలి. విజయవాడ నుంచి పనిచేసిన ఏరువాక టెక్నాలజీస్ 2012లో మొదలైంది. చెరువు నీటిలో ఆక్సిజన్ కొలిచే పరికరాలు, రొయ్య ఆకలిని బట్టి మేత వేసే యంత్రాలు చేసింది. నెదర్లాండ్స్‌కు చెందిన న్యూట్రెకో దానిలో పెట్టుబడి పెట్టింది. ఇలాంటి కంపెనీ పెట్టడానికి బెంగళూరు కంటే విజయవాడ మేలు, ఎందుకంటే కృష్ణా, పశ్చిమ గోదావరి చెరువులు రెండు మూడు గంటల దూరంలో ఉన్నాయి. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతే లక్షల రూపాయల రొయ్య చచ్చిపోతుందని అక్కడి రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. పరికరం తప్పు చూపిస్తే ఆ ఉదయమే ఫోన్ చేసి తిడతాడు. ఆ తిట్టు విని మధ్యాహ్నానికి చెరువు గట్టు మీద ఉండగలిగిన ఇంజనీర్ పరికరమే బాగుపడుతుంది.

కాబట్టి విజయవాడ శాఖలో మెంటార్ల జాబితా రాసేటప్పుడు మొదట వెళ్లాల్సింది ఆటోనగర్‌కు. లారీ బాడీలు కట్టే మేస్త్రీలు, వెల్డర్లు, స్ప్రింగ్ పట్టీలు చేసేవాళ్లు అక్కడ తరతరాలుగా ఉన్నారు. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ యజమానులు, భీమవరంలో హేచరీ టెక్నీషియన్లు, సిరిసిల్లలో మరమగ్గాల మెకానిక్కులు, నిజామాబాద్‌లో పసుపు వ్యాపారులు ఉన్నారు. వీళ్లలో ఒక్కరి కార్డు మీద కూడా మెంటార్ అని ఉండదు. వీళ్లకు నెలకు రెండు పూటల గౌరవ వేతనం ఇచ్చి, తెలుగులోనే మాట్లాడే ఏర్పాటు చేసి, కుర్రాళ్లను వాళ్ల షెడ్డుకే పంపితే చాలు. ఇంక్యుబేటర్లు ప్రభుత్వానికి ఏటా ఇచ్చే నివేదికల్లో ఎన్ని ఈవెంట్లు జరిగాయి, ఎంతమంది హాజరయ్యారు అనే గడులకు బదులు ఎన్ని కంపెనీలకు మొదటి ఆర్డర్ ఇప్పించారు, ఆ బిల్లు ఎన్ని రోజుల్లో వసూలైంది, నిరుడు సాయం పొందినవాళ్లలో ఎంతమంది ఈ ఏడాది మరొకరికి సాయం చేశారు అనే గడులు పెట్టాలి. వచ్చే ఏడాది గ్రాంటును ఆ మూడు అంకెలకు ముడిపెడితే శాఖల మేనేజర్లు ఆటోనగర్ దారి వాళ్లంతట వాళ్లే వెతుక్కుంటారు.